బయటి బల్ల

కూతురు చేస్తున్నది మనుషుల్ని భయపెట్టే పని అని తెలిసిన రోజు వసంతలక్ష్మికి అన్నం సయించలేదు.

రాయచూరు కాలేజీలో ఇందుమతిది పరిశోధన. మనిషికి ఆందోళన పుట్టించాలి, నాడి లెక్కపెట్టాలి, రాసుకోవాలి. ఇంతా చేస్తే డాక్టరేటు ఇస్తారట!

మొదటి వారం ప్రయోగానికి వచ్చినవాళ్ళలో ఒక్కరూ భయపడలేదు. వెయ్యి నుంచి ఏడేడు తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమని ఇందుమతి గద్దిస్తే, వాళ్ళకు తెలిసిన యరమరస్ ఊరి రైతు మారెప్ప పడీపడీ నవ్వాడు.

"కాలువ నీళ్ళకోసం ఇంజినీరు ముందట మూడేండ్లు నిలబడ్డోన్ని. నువ్వేం భయపెడ్తవ్ తల్లీ?"

"ఇట్లయితే నీ డాక్టరేటు కాలువలో కలిసినట్టే," అన్నాడు గైడు బసవలింగప్ప.

వసంతలక్ష్మి భయం వేరు. "ఎవరి గుండెన్న ఆగితే జైలుకు పోతవే!" ఎనిమిదో రోజు క్యారియరు వంకతో వచ్చి గది బయట బల్లమీద కూర్చుంది. ఇందుమతి ఇంటికి పొమ్మంది. గైడు గంటసేపు చూసి, "ఉండనీ. రేపటినుంచి అమ్మగారికి టాంగా పంపుదాం," అన్నాడు.

కాలేజీలో ఒక్కడికైనా మనసుందని ఆమె సంతోషించింది. వచ్చినవాళ్ళకు ధైర్యం చెప్పడం మొదలుపెట్టింది.

"ఏం మారెప్పా, మల్ల వచ్చినవ్? ముఖమేంది గిట్ల పీక్కపోయింది?"

"మంచిగనే ఉన్ననమ్మా."

"మా మరిది గూడ గట్లనే అన్నడు. నవ్వుకుంట నవ్వుకుంటనే పోయిండు. ఎడమచెయ్యి గుంజుతలేదు గదా?"

మారెప్ప చెయ్యి నొక్కి చూసుకున్నాడు.

"ఏం గాదులే, భయపడకు. ఇంట్ల చెప్పే వచ్చినవా? పిల్లలు చిన్నోళ్ళా?"

ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి కూడా తీసింది. చెమటలు కక్కుతూ లేచాడు మారెప్ప. ఇందుమతి గుమ్మంలోనే అతని నాడి పట్టుకుని, తల్లివైపు చూడకుండా రాసుకుని, లోపలికి తీసుకుపోయి తలుపేసింది.

లోపల కరెంటే పెడుతున్నారో, కర్రే ఎత్తుతున్నారో! అరగంటకు మారెప్ప నవ్వుతూ బయటికొచ్చాడు. అంతా తను తీసిన దిష్టి మహిమే అని మురిసింది వసంతలక్ష్మి.

ఇలా నూట ఇరవై మందిని కాపాడింది. ఇంటికి రాగానే ఇందుమతి అడక్కుండానే తల్లి కాళ్ళు ఒత్తేది. జనాన్ని ఏడిపించిన పాపభయం కాబోలు, అనుకునేది వసంతలక్ష్మి.

డాక్టరేటు వచ్చింది. లావుపాటి ఇంగ్లీషు పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆమె అడిగింది: "దీంట్ల నా పేరు రాసినవా?"

"రాసిన."

"ఏమని? చదువు."

ఇందుమతి ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పింది: "వచ్చినవాళ్ళను లోపలి గదిలో ఫ్యాను కింద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, వాళ్ళ నాడి నెమ్మదించేదాకా ఆగి పంపించాం, ఆందోళన పుట్టించడానికి వాడిన సాధనం మాత్రం, బయటి బల్లమీది వసంతలక్ష్మి."