స్తంభం మీది మనిషి

కొత్త లాప్‌టాప్ తెర మీద తెల్లటి పేజీ తప్ప ఇంకేమీ లేదు.

శ్రీవాణి మళ్ళీ నొక్కింది. పేజీ సగం దాకా వచ్చి ఆగిపోయింది.

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కి కాలేజీల పేర్లు ఎంచుకుని పంపడానికి ఆ రోజే ఆఖరు. సాయంత్రం ఆరింటికి మూసేస్తారు. పంపకపోతే ర్యాంకు వచ్చి కూడా ఈ ఏడాది సీటు లేనట్టే.

గద్వాలలో మూడు రోజులుగా వాన. నెట్ సెంటర్ ముందు నలభై మంది నిలబడి ఉన్నారు. ఆమె తండ్రి కురుమూర్తి పత్తి మిల్లుకు సెలవు పెట్టి కూతురి పక్కన కూర్చున్నాడు. అలా కూర్చోవడం తప్ప ఆయనకు ఏం చేయాలో తెలియదు. అయిజ నుంచి ఈ ఊరికి వచ్చి నాలుగు నెలలే అయింది. వీధిలో అడగడానికి తెలిసినవాళ్ళు కూడా లేరు.

లాప్‌టాప్ పంపింది హైదరాబాద్‌లో ఉండే పెద్దల్లుడు విజయ్. ఆ రోజు రైలు ప్రయాణంలో ఉండి, సెల్‌ఫోన్‌లో అతనే ఒక్కొక్కటీ చెబుతున్నాడు.

"మోడెం బందు చేసి మళ్ళ పెట్టినవా?"

"మూడుసార్లు పెట్టిన బావా."

"కొత్తది గద, లోపల అప్‌డేట్లు నడుస్తుంటయి. అవి ఆపు."

ఆపింది.

"వైరస్ ఉందేమో చూడు."

చూసింది. ముప్పావుగంట పట్టింది. వైరస్ లేదు. నెట్టూ రాలేదు.

ఫోన్ లైన్లు చూసే మనిషికి పొద్దున్నే ఫిర్యాదు చేశారు.

"ఊరంత గిట్లనే ఉందమ్మా. నేనొక్కణ్ని. ఇయ్యాల నాతోని కాదు" అన్నాడు అతను.

"ఆరింటికి అయిపోతదన్నా" అంటూ శ్రీవాణి ఏడ్చేసింది. అతను ఫోన్ పెట్టేశాడు.

నాలుగున్నరకు గేటు చప్పుడైంది.

యాభై దాటిన మనిషి. నిలువునా తడిసి ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు. భుజాన మాసిన సంచి.

"బిడ్డా, ల్యాండు ఫోనెత్తితే గరగరమంటుందా?"

"అంటుంది. మీకెట్ల తెలుసు?"

"అయితే నీ కంప్యూటర్ల ఏం లేదు. అగో, ఆ మూలమీది స్తంభం కాడ వైరు అతుకుల నీళ్ళు పోయినయి. జర నిచ్చెన ఉంటే ఇయ్యండి."

కురుమూర్తి బయటికి వచ్చాడు.

"ఎవరు నువ్వు? ఆఫీసోళ్ళు పంపిండ్రా?"

"లేదు సారు."

"కార్డుందా?"

"లేదు సారు."

"పోయిన వారం గిట్లనే ఒకడు బాగు చేస్తనని వచ్చి వెనక గల్లీల వైరంత కోసుకపోయిండు. నడువు నడువు."

"పది నిమిషాల పని సారు. బిడ్డకు టైం అయిపోతది."

కురుమూర్తి గేటు మూసి గొళ్ళెం పెట్టాడు.

ఐదుంపావుకు మోడెం మీద మినుకుమంటున్న లైను దీపమూ ఆరిపోయింది. శ్రీవాణి ఫోనెత్తి చెవి దగ్గర పెట్టుకుంది. గరగర కూడా లేదు.

"నాయినా, మొత్తమే పోయింది."

కురుమూర్తి వానలోకి పరుగెత్తాడు.

మూలమీది స్తంభం పైకి పాకి, ఒక చేత్తో పట్టుకుని వేలాడుతున్నాడు ఆ మనిషి. రెండు వైర్లు పళ్ళ మధ్య కరచి పట్టాడు.

"దొంగ నా కొడకా! దిగు!"

"ఒక్క నిమిషం సారు..." అంటూ నోట్లోని వైర్లు తీసి మెలేసి బిగించాడు.

కురుమూర్తి అతని కాలు పట్టి లాగాడు. అతను స్తంభం వెంట జారి, మోకాలి మీద పడ్డాడు. కురుమూర్తి అతని అంగీ పట్టుకుని లేపి, రోడ్డు మీదికి నెట్టాడు.

"మళ్ళ గీ గల్లీల కనబడితే పోలీసులకు పట్టిస్త."

అతను సంచి తీసుకున్నాడు.

"అయిపోయింది సారు. పోయి చూసుకోండి" అని, కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇంట్లోకి వచ్చేసరికి మోడెం దీపాలన్నీ వెలుగుతున్నాయి. పేజీలు చకచకా తెరుచుకుంటున్నాయి. ఐదు నలభై ఎనిమిదికి శ్రీవాణి ఆఖరి బటన్ నొక్కి, బల్ల మీద తల వాల్చేసింది.

"నేను చెప్పిన గద, అప్‌డేట్లు ఆపితే వస్తదని" అన్నాడు విజయ్ ఫోన్‌లో.

"వాడు లైను కోసేటందుకే ఎక్కిండు. నేను చూసిన గాబట్టి సరిపోయింది" అన్నాడు కురుమూర్తి.

నాలుగో రోజు, వాన వెలిశాక, లైన్లు చూసే శ్రీశైలం నిచ్చెనతో వచ్చాడు. ఇంటికి రాకముందే స్తంభమెక్కి చూశాడు. చాలాసేపు దిగలేదు.

"మల్లన్న వచ్చిండా సార్?" అన్నాడు గేటు దగ్గర నిలబడి.

"మల్లన్న ఎవరు?"

"గా అతుకు ఆయన చేసిందే. అంత సాఫుగ ఇంకెవరు చెయ్యరు. మీ బిడ్డ ఏడుస్తుందని నేనే ఫోన్ చేసి చెప్పిన. నాకు గీ లైన్లు ఇంక సరిగ్గ తెల్వవు. ఆయన పంతొమ్మిదేండ్లు గీ ఊర్ల స్తంభాలెక్కిండు."

శ్రీవాణి తండ్రి వైపు చూసింది. కురుమూర్తి గేటు గొళ్ళెం తీశాడు.

"ఏడుంటడు? నేను పోయి కలుస్త" అన్నాడు.

"లేడు సార్. మొన్న పొద్దున భార్యను తోలుకొని బొంబాయి బస్సెక్కిండు. గుంతలు తవ్వే పనికి. మోకాలు వాచింది, ఆగు అంటే ఆగలే."

"గింత పని తెలిసినోనికి మట్టి పని ఏంది?"

శ్రీశైలం నిచ్చెన భుజానికెత్తుకున్నాడు.

"వయసైందని పోయిన నెల కాంట్రాక్టరు ఆయన్ను తీసేసి, ఆ జాగల నన్ను పెట్టుకున్నడు సార్."