బియ్యంలో రాసిన పేరు

ఒక పేరు ఒక్కరికేనని, బారసాల పళ్ళెంలో ముందు రాసినవాళ్ళదే ఆ పేరని చట్టం వచ్చి పదేళ్ళయింది. హైమ తొమ్మిది నెలలూ పొట్ట నిమురుకుంటూ ‘ఉపమన్యూ’ అని పిలుచుకుంది.

ఇంటి కోడళ్ళిద్దరి కొడుకులకూ ఒకేరోజు బారసాల. తోడికోడలు చారుమతి తనవాడికి ‘సుధన్వ’ అనుకున్నానని చెప్పగానే చుట్టాలంతా ఆహా ఓహో అన్నారు. హైమకు కడుపు మండిపోయింది. పెద్దకోడలిగా ముందు వంతు తనదే. ఉంగరంతో బియ్యంలో ‘సుధన్వ’ అని రాసేసింది. పళ్ళెం పచ్చగా వెలిగింది. ఇక మార్చడానికి లేదు.

చారుమతి కళ్ళు తుడుచుకుంది.

“పోనీలే అక్కా. నువ్వు పిలుస్తుంటే విని విని ఈ పేరూ ఇష్టమైపోయింది నాకు” అంటూ ‘ఉపమన్యు’ అని రాసి, తన బిడ్డను మూడుసార్లు గట్టిగా పిలిచింది.

హైమ ఒళ్ళో గుక్కపెట్టి ఏడుస్తున్నవాడు ఠక్కున ఏడుపు ఆపి, అటు తిరిగాడు.