ఎనభై రెండు శాతం

"మళ్ళీ తారే!" వైశాలి ఫ్లాస్కును వెలుతురుకు ఎత్తి చూపించింది. అడుగున నల్లటి జిగురు తప్ప ఏమీ లేదు.

"ఎన్నోసారి?" అడిగింది ఫహ్మీదా. పక్క బెంచీ మీద పనిచేసే హైదరాబాద్ అమ్మాయి.

"ముప్పై ఒకటి. ఆయన పేపర్లో దిగుబడి ఎనభై రెండు శాతం. నాకు ఒక్క శాతం కూడా రావట్లేదే."

ఆయనంటే ప్రొఫెసర్ లోమాక్స్. ఒహాయోలో పుట్టిన అమెరికన్. ఎనిమిది అంచెల్లో తయారుచేసే ఒక మందు ముడిసరుకును ఒకే అంచెలో చేసే రసాయన చర్యను ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో ప్రకటించాడు. ఆ చర్యకు ఆయన పేరే పెట్టారు. ఆ పేరు చూసే జర్మనీ వాళ్ళు పిలిచి ప్రొఫెసర్ కుర్చీ వేశారు. ఎవరైనా దాని గురించి పొగిడితే ఆయన కిటికీలోంచి బయటికి చూస్తాడు. ఎంత వినయమో అనుకునేవారు అందరూ.

ల్యాబులో చేరిన ప్రతి విద్యార్థికీ ఆయన మొదట ఇచ్చే పని అదే. రాకపోయేసరికి ఒక్కొక్కరూ తమ చేతిని తామే తిట్టుకుని వేరే టాపిక్ తీసుకున్నారు. వైశాలికి ఆ వెసులుబాటు లేదు. ఆయన నెలాఖరుకు రిటైరవుతున్నాడు. ఈ పని అయిందని నోట్‌బుక్‌లో ఆయన సంతకం లేకపోతే కాంట్రాక్టు లేదు. కాంట్రాక్టు లేకపోతే వీసా లేదు. ఇరవై తొమ్మిదిన వీసా ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్.

"ఫికర్ చేయకు. రాలేదని పోయి సాఫ్‌గా చెప్పు," అంది ఫహ్మీదా.

"ముప్పై ఎనిమిదేళ్ళ నుంచి పుస్తకాల్లో ఉన్నదాన్ని నేను రాలేదంటే తప్పెవరిదంటారు? నాదేగా!"

ఫహ్మీదా తన ఫ్లాస్కు వైపు తిరిగింది.

తర్వాతి రెండు వారాలు వైశాలి గుట్టుగా పాత దారి పట్టింది. ఎనిమిది అంచెలూ చేసి, తెల్లటి స్ఫటికాలు తీసి చిన్న సీసాలో నింపింది. సరుకు అసలుదే, ఏ పరీక్షకైనా నిలుస్తుంది. నోట్‌బుక్‌లో మాత్రం ఒకే అంచె, ఎనభై ఒక్క శాతం అని రాసింది. ఎనభై రెండు వేసే ధైర్యం చాలలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు రెండూ తీసుకెళ్ళి ముందు పెడితే, లోమాక్స్ నోట్‌బుక్ వైపు చూడనైనా చూడలేదు. సీసానే పట్టుకున్నాడు. వెలుతురుకు ఎత్తి తిప్పి తిప్పి చూశాడు.

"ఇది నువ్వే చేశావా?"

"అవును ప్రొఫెసర్."

"ఒకే అంచెలో?"

"అవును."

"నిజంగా?"

దొరికిపోయాననుకుంది వైశాలి. ఇంక దాచలేననిపించింది.

"ప్రొఫెసర్, అసలు నేను..."

ఆయన చెయ్యెత్తి ఆపాడు. నోట్‌బుక్ దగ్గరికి లాక్కుని సంతకం చేశాడు. కళ్ళజోడు తీసి, తడిసిన కళ్ళు తుడుచుకున్నాడు. వైశాలికి ఏమీ అర్థం కాలేదు.

"ఇన్నేళ్ళూ ప్రతి విద్యార్థికీ ఇదే ఎందుకిచ్చానో తెలుసా?"

"మా చేతి పనితనం చూడ్డానికి."

ఆయన తల అడ్డంగా ఊపాడు. లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చాడు. సీసాను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా అన్నాడు:

"నాకు ఒక్కసారి కూడా రాలేదు."