మిషను మిస్త్రీ

"గోపయ్య గారూ, ఈసారి పొడి మీరు పోయండి," అంటూ జయశీలన్ బేకలైట్ పొడి డబ్బా ముందుకు జరిపాడు.

గోపయ్య డబ్బా వైపు చూడలేదు. జయశీలన్ బూట్ల వైపు చూశాడు. ఆ కార్ఖానాలో మసి అంటని బూట్లు అవొక్కటే.

"నువ్వున్నవ్ గద. నువ్వే పొయ్యి."

"కాదండీ. మీ చేత్తోనే పోయాలి."

మీ చేత్తోనే! చేతికింద పనివాడికి హుకుం వెయ్యడమేగా ఇది. పైగా గారూ, అండీ అని తేనె పూత. గోపయ్య పళ్ళు కొరుకుతూ ఇనుప ముక్కను మిషను గొట్టంలో బోర్లా పెట్టి, మీద నల్లటి పొడి పోశాడు.

మొన్నమొన్నటి దాకా శంషాబాద్ కార్ఖానా పరీక్షల గదిలో గోపయ్యదే రాజ్యం. యుద్ధం కోసం పోతపోసిన సామాను ఏది విరిగినా, అందులోంచి గోరంత ముక్క కోసి ఆయనకే ఇచ్చేవారు. అంత చిన్న ముక్కను వేళ్ళతో పట్టుకుని అరగదీయడం ఎవరి తరమూ కాదు. అందుకని దాన్ని ఇత్తడి కట్టులో నిలబెట్టి, చుట్టూ లక్క కరిగించి పోసి బిళ్ళ కట్టేవాడు. ఆ బిళ్ళను అద్దంలా నునుపు చేసి ఇస్తే, దొర సూక్ష్మదర్శిని కింద పెట్టుకుని ఇనుములో లోపం ఎక్కడుందో చూసేవాడు.

ఇప్పుడు ఆ బిళ్ళలు కట్టడానికి ఓడ మీద ఇంగ్లండు సీమ నుంచి మిషను దిగింది. పొడిని వేడి చేస్తూ పిడి తిప్పి నొక్కితే రాయిలాంటి బిళ్ళ వస్తుంది. దాని వెంట బొంబాయి నుంచి, ముప్పై కూడా నిండని ఈ జయశీలన్ దిగాడు. పెట్టె విప్పిన రోజు దొర అందరి ముందూ, "ఈ మిషను నడిపేవాడే ఇక ఇక్కడ మిస్త్రీ," అన్నాడు. పక్కన జయశీలన్ నవ్వుతూ నిలబడి ఉన్నాడు. గోపయ్య తువాలు దులిపి భుజాన వేసుకుని అప్పుడే బయటికి నడిచాడు. ఆ మిస్త్రీ కొలువు కోసం నెత్తి నెరిసేదాకా కాచుకున్నవాడు ఆయన.

కొలిమి దగ్గర బాలమల్లు ఊరుకుంటాడా?

"ఏందే గోపన్నా, మొన్నటిదాంక ఉస్తాదువు. ఇగ ఆ పోరగానికి డబ్బాలు మోస్తున్నవా?"

"నోరు మూస్కొని గాలి కొట్టు."

"గట్ల గరమైతవేందే? మిస్త్రీ సాబ్‌కు జర మా గురించి గూడ చెప్పు!"

ఇంటికి పోతే భార్య రేణుకమ్మది ఇంకో బాధ.

"ఇగ మిస్త్రీ కొలువు లేనట్టేనా?"

"ఎక్కడికెల్లో వచ్చినోడు తన్నుకపోయిండు."

"నువ్వు చూస్తూ కూసున్నవా?"

ఆ మాట గోపయ్యకు ముల్లులా దిగింది.

జయశీలన్ మాత్రం వదిలేవాడు కాడు. గోపయ్య చేతనే పొడి పోయించేవాడు, పిడి తిప్పించేవాడు. "వేడి ఆపినా పిడి వదలకండి. గొట్టం చల్లారేదాకా నొక్కు అట్లాగే ఉండాలి," అని చెప్పిందే చెప్పేవాడు. చెమట నాది, సోకు వీడిదా అని గోపయ్య లోలోపల ఉడికిపోయేవాడు.

ఒక సాయంత్రం జయశీలన్, "రేపు దొరగారు చూడ్డానికి వస్తారు. బిళ్ళ మీరే కట్టండి. నేను దూరంగా నిలబడతాను," అన్నాడు.

గోపయ్య తలూపాడు. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి ఆయనకు అన్నం సయించింది.

మర్నాడు దొర వచ్చాడు. గోపయ్య అంతా చెప్పినట్టే చేశాడు, ఒక్కటి తప్ప. గొట్టం సెగలు కక్కుతుండగానే పిడి వదిలేశాడు. బిళ్ళ సగం కాలిన రొట్టెలా ఉబ్బి బయటికి వచ్చింది. దొర గోటితో గీకితే అంచు పొడిపొడిగా రాలింది.

"ఇదేనా మీ పనితనం?" అన్నాడు దొర.

"మిషనే గిట్లుంది దొరా. మా లక్కే నయం," అన్నాడు గోపయ్య.

జయశీలన్ గబగబా ముందుకొచ్చాడు. "తప్పు నాదే సర్. ఇంకొక్క అవకాశం ఇవ్వండి," అని చేతులు జోడించాడు.

కొలువు కోసం ఎట్లా బతిమాలుతున్నాడో! గోపయ్యకు కడుపు నిండిపోయింది.

"అక్కర్లేదు. మిషను ఇంకో కార్ఖానాకు పంపండి. మిస్త్రీ కొలువూ దానితోనే పోతుంది," అని దొర వెళ్ళిపోయాడు.

తనకు రాకపోతే పోయింది. వాడికీ రాలేదు. గోపయ్యకు అది చాలు.

మిషను పెట్టెను ఉందానగర్ స్టేషనులో రైలెక్కించడానికి అడగకుండానే తను బయల్దేరాడు. ఓడిపోయి పోతున్నవాడి మొహం కళ్ళారా చూడాలిగా. పెట్టె ఎక్కించాక కిటికీ దగ్గరికి వెళ్ళి, కోరుకున్న మాట తీరిగ్గా అన్నాడు.

"పరేషాన్ గాకు తమ్మీ. మిస్త్రీ కొలువు నీకు ఇంకోతాన దొరుకుతది తియ్యి."

జయశీలన్ తెల్లబోయి చూశాడు. "నాకెందుకండీ? బొంబాయిలో నేను మిస్త్రీనే కదా."

రైలు కూత వేసింది. గోపయ్య కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"మరి ఈడికెందుకొచ్చినవ్?"

"మీకు నేర్పి, మిమ్మల్ని మిస్త్రీని చెయ్యడానికండీ."