చీటీలో సగం మాట

చిన్నపోలయ్య చేతులను వల తాడుతో కట్టి, నెల్లూరు పెద్దాసుపత్రి వరండాలో కూర్చోబెట్టింది నాగులమ్మ.

నెల కిందట అతన్ని కుక్క కరిచింది. మొన్న చలిజ్వరం వచ్చింది. డాక్టరు ఇంగ్లీషులో చీటీ రాసి నెల్లూరు పొమ్మన్నాడు.

ఆ చీటీ చూసి, పులికాట్ ఒడ్డున వాళ్ల పల్లెలో నాలుగక్షరాలు వచ్చిన రమణయ్య కూలబడ్డాడు.

"హైడ్రో అని రాసుండాది. నిరుడు కుక్క కరిచి పోయిన ఓబయ్య చీటీలోనూ ఇదే మాట."

ఆ జబ్బు మనిషికి నీళ్లు చూస్తేనే ప్రాణాల మీదికి వస్తుందని నాగులమ్మకు తెలుసు. దారి పొడుగునా భర్తకు చుక్క నీళ్లు చూపించలేదు.

వరండా మూల, గాలి తగలని చోట, ఒకాయన తువ్వాలు కప్పుకొని కూర్చున్నాడు.

"ఆ కట్లు ఏందమ్మా?"

"దగ్గరికి రాబాకయ్యా. కరిస్తే నీకూ వస్తాది."

"నేనెవర్నీ కరవను" గొణిగాడు చిన్నపోలయ్య. "దాహంతో నోరు పిడచకట్టుకపోతా ఉండాది."

ఆయన చప్పున తలెత్తాడు.

"దాహమా? ఆ చీటీ ఇట్టా ఇయ్యి."

ఒకసారి చదివాడు. మళ్లీ చదివాడు. అలసిన మొహం తేటపడింది.

"హైడ్రో అంటే గ్రీకు భాషలో నీళ్లమ్మా. వెనక ఫోబియా అని ఉంటే, నీళ్లంటే భయం. కుక్క కరిస్తే వచ్చేది అది. ఇక్కడుండేది సీల్. అంటే వాపు. వరిబీజం. చిన్న ఆపరేషనుతో పోతుంది."

నాగులమ్మ భర్త వైపు తిరిగింది.

"నిజమేనా?"

అతను తల దించుకున్నాడు. "నాలుగు నెల్లుగా ఉండాది. అది చూపియ్యడానికే పోయినా. రమణయ్య మాట విని, కుక్క జబ్బు గూడా ఉండాదేమో అనుకున్నా."

"నాకు చెప్పొద్దూ?"

"సిగ్గయింది."

"నీ సిగ్గు తగలెయ్య. నా బొట్టు చెరిగిపోతాదని దోవంతా ఏడస్తా వచ్చినా గదా."

తిడుతూనే కట్లు విప్పింది. ఏడుస్తూనే నవ్వింది.

"నీళ్లు తాపించమ్మా. నేను అవతలికి పోతా" అంటూ ఆయన గోడ పట్టుకొని గబగబా వెళ్లిపోయాడు.

'చేపలోళ్లమని రోత కాబోలు' అనుకుంది నాగులమ్మ. దణ్ణమైనా పెట్టలేదు. చిన్నపోలయ్య చెంబెడు నీళ్లు గటగటా తాగేశాడు.

పదో రోజుకు కుట్లు విప్పి ఇంటికి పంపారు. హాయిగా నడిచి వస్తున్న భర్తను చూస్తే నాగులమ్మకు ఆ పెద్దమనిషి గుర్తొచ్చాడు. ఆయన ఏమనుకున్నా సరే, దణ్ణం పెట్టి పోవాలనిపించింది. వార్డు ఆయా చెంచమ్మను అడిగింది.

"అక్కా, ఆ మూల తువ్వాలు కప్పుకొని కూర్చున్నాయన, గ్రీకు మాటలు చెప్పినాయన, యాడుంటాడు?"

చెంచమ్మ చేతిలో పని ఆపింది.

"తోటపల్లి గూడూరు సైన్సు మాస్టరు గదా. ఆయన్నీ కుక్కే కరిచిందమ్మా. జబ్బు పేరు డాక్టరు కంటే ముందు తానే చెప్పి చేరినాడు, మర్నాటికే పోయినాడు."