పేరు లేని ఆకు

"మీ ఊరు ట్వంటేలో కంప్యూటర్లు లేవా, అఫో?" అంది దుర్గాంబ.

అఫో అంటే బర్మా భాషలో తాత. ఆ చీనా తాత పేరు ఊ సాన్ లిన్. తొంభైకి దగ్గరపడ్డ మనిషి. వారం వారం బస్సెక్కి, పడవెక్కి, చేతిరాత కాగితాల సంచీతో రంగూన్‌లో ఆమె టైపింగ్ షాపుకి వస్తాడు.

"ఉన్నాయి. తెలుగువాళ్ళ చేత కొట్టించాలని ఉంది," అన్నాడు బర్మా భాషలోనే.

అది బర్మా భాషలో రాసిన నవల. చీనా నుంచి వచ్చి వరి పండించిన తన ఇంటి నాలుగు తరాల కథ, నడుమ జపానువాళ్ళ యుద్ధం. ఆయన చెబితే తెలిసిందంతే. దుర్గాంబ అక్షరాలు కొడుతుంది, కథ చదవదు. చదివితే వేగం పడిపోతుంది. ఆ వేగం మీద ఆమెకి కాస్త గర్వం కూడా.

ఓ మధ్యాహ్నం మేడ మీంచి మామ్మ ఎర్రమ్మ కేకేసింది.

"ఎవులే కింద? బువ్వ తిన్నాడో నేదో అడుగు."

తాత స్టూలు మీంచి సగం లేచాడు.

"ఎవరామె?"

"మా మామ్మ. మోకాళ్ళు పట్టేసి కిందికి దిగదు."

"ఏమంది?"

"ముసిల్ది, ఏదో అంటుంది లెండి."

"పైకి వెళ్ళి ఆమెని ఒకసారి చూడొచ్చా?"

జెరాక్సు కోసం ఇద్దరు నిలబడి ఉన్నారు.

"మెట్లు నిటారుగా ఉంటాయి అఫో. ఇంకోసారి చూద్దాం."

ఆయన బలవంతపెట్టలేదు. వెళ్ళేముందు మాత్రం, "బువ్వ అని తెలుగులో రాసివ్వు," అన్నాడు. రాసిచ్చింది. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత మూడు వారాలు రాలేదు.

పెద్దల అమావాస్య వచ్చింది. ఆ ఇంట్లో పోయినవాళ్ళందరికీ పేరుపేరునా అరిటాకులు వేసి, చివర ఒక ఆకు పేరు పిలవకుండా వేస్తారు.

"జపానోళ్ళు వచ్చినప్పుడల్లా నన్ను దాన్యం బానలో కూకోబెట్టి, పైనుంచి ముద్దలు అందించాడొక గుంటడు," అంది మామ్మ, ఏటా చెప్పే మాటే. "మా అయ్య దండాసి నన్ను తెచ్చుకున్నాడు గానీ, ఆ గుంటడిది ఏ ఊరో, ఆడెవులో సెప్పకండానే పోయాడు. ఈపాటికి ఆడూ పోయే ఉంటాడు. నాను పోయేలోగా పేరు తెలిస్తే సాలు, పిలిసి ఎట్టుదును."

కింద ఎవరో పిలిచారు. దుర్గాంబ దిగి వెళ్ళింది.

చీనా తాత మనవరాలు. చేతిలో అదే సంచీ.

"తాత శనివారం పోయారు. ఇవి ఆఖరి కాగితాలు. ఖాళీ వదిలినచోట ఈ మాట మీరే పెట్టాలన్నారు."

కాగితానికి గుచ్చి ఉన్న చీటీ మీద తన చేతిరాతే. బువ్వ.

ఖాళీ ఎక్కడుందో తెలియాలంటే చదవక తప్పదు. దుర్గాంబ మొదటిసారి చదివింది.

'నాకు ఆరేళ్ళు. చీనావాళ్ళమని జపానువాళ్ళకి భయపడి మేమే దాక్కునే రోజులవి. బాంబులకి తల్లిని పోగొట్టుకున్న పాపని మా అమ్మ ఇంటికి తెచ్చింది. సైనికులు వస్తే పాపని బానలో దింపేవాణ్ణి. అది ... అని ఏడ్చేది. ఆ మాటకి అర్థం తెలియదు, ముద్ద అందిస్తే ఏడుపు ఆగేది. యుద్ధం అయ్యాక దండాసి అనే రేవు కూలీ వచ్చి కూతుర్ని ఎత్తుకుపోయాడు. ఆ మాట మళ్ళీ వినాలని తెలుగువాళ్ళ వీధులన్నీ తిరిగాను.'

దుర్గాంబ ఆ కాగితం పట్టుకుని లేచింది. మెల్లగా మేడెక్కింది. మామ్మ చివరి ఆకులో అన్నం వడ్డించబోతోంది.

"ఆగు మామ్మా. దానికి పేరు దొరికింది."

గరిటె ఆగింది. "ఏటి పేరు?"

"ఊ సాన్ లిన్. ఇన్నేళ్ళూ బతికున్న మనిషికే ఈ ఆకేసినాం. ఆవేళ కింద కూకున్నది ఆయనే మామ్మా. బువ్వ తిన్నాడో నేదో అడగమన్నావు, నేను అడగనేదు."