జింకలకు మంచి మట్టి

ఇట్లా నా పక్కకు జరుగు తల్లీ, ఆ సెల్లు అవతల పెట్టు. చదువుకున్నవాళ్లు నేలకు ఎట్లా వైద్యం చేస్తారో చెబుతాను, ఒక చెవి ఇటు పడేయి.

ఆస్పరి దారిలో గరుసు మిట్ట ఎక్కుతున్న ట్రాక్టరుకు అడ్డంగా కస్తూరమ్మ కర్ర పట్టుకుని నిలబడింది. ట్రాలీ నిండా చెరువు మట్టి, దాని మీద ఎరువు బస్తాలు.

“జయన్నా, తిప్పప్పా బండి! ఈడ పోయొద్దు.”

డ్రైవరు జయన్న ఇంజను ఆపి వెనక్కి చూశాడు. వెనకాల జీపులోంచి ప్రాజెక్టు ఆఫీసరు మహేశ్వర్ దిగాడు. ఆ మిట్టను జింకలకు గడ్డిమైదానం చేయమని ఆయన్ను పంపారు. అక్కడ కడుపు నిండితే జింకలు చేలల్లో పడవట. మిట్ట కిందనే కస్తూరమ్మ నాలుగెకరాలు. ఈ ఏడు కూడా జింకలు మేసిపోతే ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు.

“మంచి పనికి అడ్డమేంటమ్మా? ఈ నేలను పరీక్ష చేయించాం. దీంట్లో సారమే లేదు.”

“సారం లేదు గనకనే ఈడ సన్నగడ్డి మొలుస్తాది సార్. జింకలు మేసేది దాన్నే. సారం పెడితే కలుపు ఎగబడి గడ్డిని మింగేస్తాది.”

“నువ్వేం చదువుకున్నావమ్మా?”

“నేను సదువుకోలేదు సార్. జింకలు గూడా సదువుకోలేదు.”

జయన్న నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మహేశ్వర్ ఫోనులో రిపోర్టు తెరిచి చూపించాడు. నత్రజని తక్కువ, భాస్వరం తక్కువ. ఎక్కువున్నది కస్తూరమ్మ నోరొక్కటేనని ఆయనకు తోచింది.

“పోనీ, ఒక మూల పోసి సూడండి సార్. వానొచ్చినాక మీకే తెలుస్తాది.”

“ఈ వారంలో పని అయిపోవాలి. పక్కకు జరుగు.”

నలభై ట్రాలీల మట్టి పడింది. ఆ నేల ఏనాడూ అడగని బలం మందు బస్తాలకు బస్తాలు పట్టించారు. గడ్డి విత్తనం చల్లుతూ ఫొటోలు దిగారు.

వానలు పడ్డాయి. కింద కస్తూరమ్మ వేరుశనగ వేసింది, ఆమె మాటలో బుడ్డలు. పైన మిట్ట పచ్చగా లేచింది, సారుగారి మాట పొల్లు పోలేదు. కాకపోతే లేచింది గడ్డి కాదు, నడుమెత్తు వయ్యారిభామ కలుపు. జింక కొరికితే చేదు, దాంట్లో నిలబడితే మీదికొచ్చే కుక్క కూడా కనబడదు. ఉన్న సన్నగడ్డీ పోయేసరికి జింకలు మందలుగా కిందికి దిగి కస్తూరమ్మ చేలో పడ్డాయి.

ఆమె కర్ర తీసుకుని పరుగెత్తుకొచ్చేసరికి మహేశ్వర్ గట్టు మీద నిలబడి వేలు చూపిస్తూ జింకల్ని లెక్కపెడుతున్నాడు.

“సార్, నా బుడ్డల చేనంతా మేసేస్తాండాయి! ఏదన్నా సేయండి సార్!”

“అరవై రెండు!” అన్నాడాయన, ముఖం వెలిగిపోతూ. “చేస్తానమ్మా, సాయంత్రానికల్లా చేస్తాను. ఇంక నువ్వు వాటిని అదిలించకు.”

అన్న మాట తప్పలేదు మహానుభావుడు. మరిచిపోకుండా నువ్వూ పదిమందికి చెప్పు తల్లీ: సాయంత్రానికల్లా కస్తూరమ్మ చేలోనే బోర్డు పాతించాడు, “జింకల ఆవాసం, మనుషులకు ప్రవేశం లేదు” అని.